గొలుసు చెరువులకు నేనూ, నా మోకాళ్ళూ

ఒకటి

వంతు మాకే వచ్చింది!

ఈ సంగతి మీ అందరికీ ఇప్పటికే తెలుసు. అంతస్తంతా తిరిగి ప్రతి తలుపూ కొట్టి చెప్పింది నేనే. రెండుసార్లు విన్నవాళ్ళు మన్నించాలి. పక్కింటి యూసుఫ్ భాయ్ మూడోసారి తలుపు తీయనేలేదు. లోపల్నుంచే, "ముబారక్ ఓదెలన్నా, మస్తు ముబారక్, ఇగ పోయి పండు" అన్నాడు.

గొలుసు చెరువులకు పోయేవాళ్ళు తయారీ మొదలైన దగ్గర్నుంచి జరిగిందంతా రాయాలని, తిరిగొచ్చాక దాన్ని లిఫ్టు పక్క గోడకు అతికించాలని మన నలభై ఒకటో అంతస్తు ఆచారం కదా. తర్వాత పోయేవాళ్ళకు పనికొస్తుందని. నేను ఏడో తరగతిలో ఆగినవాణ్ణి. ఆ తర్వాత పింఛను దాకా ఈ మేడ లిఫ్టులకు నూనె పెట్టాను. లిఫ్టు పైకి పోవాలంటే అవతల తాడుకు కట్టిన ఇనుప దిమ్మె కిందికి దిగాలి. దాన్ని ఎదురుబరువు అంటాం. నాకు తెలిసిన శాస్త్రం అంతే. కాబట్టి నా రాతలో తప్పులుంటే నవ్వుకోండి, గోడ మీద మాత్రం దిద్దకండి.

చీటీలో వచ్చిన పేరు నాది కాదు, మా బిడ్డ భూలక్ష్మిది. ఆకుకూరల అంతస్తులో పనిచేస్తుంది, మీకు తెలుసు. మా తాతలు నేల మీద బతకలేని వేడి ఏళ్ళలో ఈ మేడ ఎక్కిన తర్వాత మా ఇంట్లో ఎవరూ నేల తొక్కలేదు. అందుకే, కాలు పెట్టని భూమి కనీసం పేరులోనైనా ఉండాలని బిడ్డకు భూలక్ష్మి అని పెట్టాను. ఆ తెలివి నాదే. బడిలో పిల్లలు దాన్ని ఎంత ఏడిపించారో తర్వాత తెలిసింది.

చెరువుల్లో తిరిగే దోనెలో ఇద్దరికే చోటు. చీటీ వచ్చినవాళ్ళు ఒకరిని తోడు తీసుకుపోవచ్చు. పనిచేసేచోట స్నేహితురాలిని తీసుకుపోతుందని అందరం అనుకున్నాం. అన్నం తింటూ, పచ్చిపులుసు కలుపుకుంటూ, తల ఎత్తకుండానే బిడ్డ అన్నది:

"బాపూ, నువ్వు రా."

నాకు పొలమారింది. మా ఇంటావిడ లస్మవ్వ వీపు మీద చరిచింది. నీళ్ళు తాగి, "నేనా?" అన్నాను. "ఇంట్ల ఇంకో బాపు ఉన్నడా?" అంది బిడ్డ.

అప్పుడే లేచి తలుపులు కొట్టడానికి బయల్దేరాను. చెయ్యి కూడా కడుక్కోలేదు. యూసుఫ్ భాయ్ తలుపు మీద పచ్చిపులుసు మరక నాదే.

రెండు

యూసుఫ్ భాయ్ పోయిన వంతులో, ఎప్పుడో కుర్రతనంలో, పోయొచ్చినవాడు. సలహా అడుగుదామని పోతే చాయ్ ఇచ్చాడు. గాలి బాగా ఉంది, మేడ బాగానే ఊగుతోంది. అట్లాంటప్పుడు మనం సగం గ్లాసే పోసుకుంటాం కదా, అయినా మర్యాదకు సగం దాటించి పోశాడు. నేను ఆ సంతోషంలో ఊపుకు ఎదురు వంగడం మరిచి, ఒలకబోసి దాన్ని మళ్ళీ సగం చేశాను.

తెడ్డు ఎట్లా పట్టాలో, జలగలకు ఉప్పు ఎట్లా వాడాలో చెప్పాడు. ఆ తర్వాత నా కాళ్ళ వైపు చూసి ఆగిపోయాడు.

"అన్నా, మరి గివి?"

ఇవి అంటే తోడుకాళ్ళు. అరవై దాటిన మనందరికీ ఉన్నవే, నడుము నుంచి మడమ దాకా బ్యాటరీతో నడిచే చట్రం. నేను లేస్తే అవి లేపుతాయి, నేను నడిస్తే అవి నడిపిస్తాయి అని చెప్పుకుంటాను. నిజానికి నడిచేవి అవే, నేను వాటి వెంట పోతాను.

"గివి ఉంటే ఏమైతది?"

"చెరువుల కాడ బ్యాటరీ అన్నది లోపలికి రానియ్యరు అన్నా. టార్చిలైటు సుత గుంజుకుంటరు. గేటు కాడనే ఒక కట్ట ఉంటది. మీ ఇద్దరే దోనెను ఆ కట్ట దాటియ్యాలె. దాటితే లోపలికి. దాటకపోతే మీ వంతు ఇంకో మేడకు పాయె."

"మరి మనకు మళ్ళ ఎప్పుడస్తది?"

యూసుఫ్ భాయ్ గ్లాసులో మిగిలిన చాయ్ వైపు చూశాడు. నాకు అర్థమైంది. మన అంతస్తుకు మళ్ళీ వంతు వచ్చేసరికి నేను దండ వేసిన ఫోటోలో ఉంటాను. ఆ ఫోటో ముందు బిడ్డ కూడా ముసలిదై ఉంటుంది.

మూడు

బిడ్డ పనికి పోగానే తోడుకాళ్ళు విప్పి మంచం మీద పెట్టాను. మంచం నుంచి పొయ్యి దాకా నడుద్దామని. మన ఇళ్ళలో అది ఎంత దూరమో మీకు తెలుసు. చెయ్యి చాపితే అందుతుంది.

మొదటి అడుగుకే రెండు మోకాళ్ళూ మాట్లాడాయి.

"అప్పడాలు ఎవలు ఇరుస్తున్నరు?" అని లోపల్నుంచి లస్మవ్వ కేకేసింది.

"నేనే."

"ఏడున్నయి అప్పడాలు?"

"మోకాళ్ళల్ల."

వచ్చి చూసింది. నేను పొయ్యి గట్టు పట్టుకుని, కొత్తగా పెళ్ళైన పిల్లలా తలదించుకుని నిలబడ్డాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వింది కూడా. తర్వాత కొంగు నడుముకు దోపి నన్ను మంచం మీదికి చేర్చింది.

"బిడ్డకు చెప్పయ్యా. ఇంకోలను తీసుకపోతది."

"చెప్త."

"ఎప్పుడు?"

"ఇయ్యాల్నే."

చెప్పాలనే అనుకున్నాను. సాయంత్రం చూస్తే బిడ్డ వంటింటి గోడంతా సుద్దముక్కతో చెరువులు గీసింది. గొలుసులాగా ఒకదాని కింద ఒకటి. పై చెరువు నిండితే అలుగు దూకి కింది చెరువులో పడుతుందట. మేము గేటు దగ్గరి కింది చెరువులో మొదలుపెట్టి, దోనెలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పోయి, అక్కడ పై చెరువు కట్ట ఎక్కి, దోనెను దానిలోకి దించుకుని, అట్లా పైపైకి పోవాలట.

"ఇవి సుత అంతస్తులే బాపూ," అంది, "కాకపోతే పండుకున్నయి."

ఆ ముఖం చూడాలి మీరు. పుట్టినప్పుడు మొదటిసారి కళ్ళు తెరిచి నన్ను చూసిన ముఖం.

"రెండు చెరువులు అనుకుంటున్న. నీకు సరిపోతదా?"

'బిడ్డా, నా మోకాళ్ళు' అని మొదలుపెడదామని నోరు తెరిచాను. నోట్లోంచి వచ్చింది ఇది: "రెండేంది బిడ్డా! మూడు పోదాం!"

నా నోరు ఎప్పుడూ నా మాట వినదు. బిడ్డ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. ఈ ముసలోడికి ఎంత ధైర్యం అనుకుంటోందని నేను రొమ్ము విరుచుకున్నాను.

నాలుగు

చెప్పలేకపోయాను కాబట్టి, మోకాళ్ళనే బాగు చేసుకుందామని కసరత్తు మొదలుపెట్టాను.

తర్వాత పోయేవాళ్ళు ఈ భాగం జాగ్రత్తగా చదివి, ఇందులో ఏదీ చేయకండి.

దోనె తలమీద మోయడం అలవాటు కావాలని స్టోరుగదిలోని పాత లిఫ్టు తలుపు నెత్తిన పెట్టుకుని, మొదటిరోజు కదా అని తోడుకాళ్ళు విప్పకుండానే, రెయిలింగు పట్టుకుని మెట్లెక్కాను. మలుపు దగ్గర తలుపు రెండు గోడల మధ్య ఇరుక్కుంది. తలుపు కింద నేను ఇరుక్కున్నాను. నలభై రెండో అంతస్తువాళ్ళు దిగివచ్చి, ముందు తలుపు ఎవరిదని అడిగి, తర్వాత నన్ను బయటికి తీశారు.

తెడ్డు వేయడం నేర్చుకుందామని బట్టలుతికే తొట్టిలో మా పెద్ద గంగాళం వేసి, దానిలో కూర్చుని, అన్నం గంటెతో తోశాను. గంగాళం ముందుకు పోలేదు కానీ గుండ్రంగా బాగా తిరిగింది. తొట్టి దగ్గర బట్టలు పిండుకుంటున్న ఆడవాళ్ళు ఆ రోజు పని చేయలేదు. లస్మవ్వ మాత్రం పక్కన నిలబడి, "అయ్యా, బయటికచ్చినంక గంగాళం తోమిపెట్టు, రేపు పప్పు వండాలె" అంది.

ఒక్క సంగతి మాత్రం గొప్పగా చెప్పుకుంటాను. గంగాళం ఎంత ఊగినా నేను పడలేదు. నా ఉద్యోగమంతా లిఫ్టు డబ్బా నెత్తిన నిలబడి తాళ్ళు చూడటమే కదా. ఊగేది ఏదైనా నాకు ఇల్లే. కదలనిదాని మీదే నాకు నమ్మకం లేదు.

సాయంత్రం బిడ్డ వచ్చి గోడ మీద నాలుగో చెరువు గీసింది. పక్కన ఒక గుట్ట కూడా. "గుట్ట మీదికి ఎక్కితే అన్ని చెరువులు ఒక్కసారే కనవడుతయట. నడవాలె మరి. ఏమంటవ్ బాపూ?"

"నడుద్దాం! గుట్టేనా, పక్కన ఇంకోటి లేదా?"

మళ్ళీ చాలాసేపు చూసింది. తర్వాత సుద్దముక్క కింద పెట్టి చేతులు దులుపుకుంది. లస్మవ్వ పొయ్యి దగ్గర గంటెను గిన్నెకేసి గట్టిగా కొట్టింది. అది నాకే అని నాకు తెలుసు.

ఐదు

తిండి సర్దుకున్నాం. సర్వపిండి, సకినాలు, మక్క గటక వండుకోవడానికి రవ్వ, చింతతొక్కు. దోనె మునగకుండా సామాను తూకం వేయాలని యూసుఫ్ భాయ్ చెప్పాడు. పిండి అంతస్తు కాంటా తెప్పించి అన్నీ ఎక్కించాం, తేలికగానే తూగాయి. చివరికి బిడ్డ, "నువ్వు ఎక్కు బాపూ" అంది.

ఎక్కాను. కాంటా ముల్లు కొనకు పోయి అక్కడే నిలబడింది. ముగ్గురం కాసేపు దాన్నే చూశాం.

"తొక్కు తీసేద్దామా?" అన్నాను.

"తొక్కు తీసేస్తే నువ్వు సన్నవడుతవా?" అంది లస్మవ్వ.

నా సంచిలో మూడు ప్యాంట్లు కుక్కింది. మూడెందుకే అంటే, "నీ సంగతి నాకు ఎరుక" అంది. ముప్పై ఏళ్ళు దాటిన కాపురం. ఎందుకని మళ్ళీ అడగలేదు.

ఆరు

ఈ రోజు చెప్పేద్దామని గట్టిగా అనుకున్నాను.

ఐదో చెరువు కూడా కలిసింది. "ఆరోది లేదా?" అని అడిగింది కూడా నేనే.

ఏడు

దిగాం! ఎన్ని వేలసార్లు లిఫ్టు గుంతలోకి దిగానో నాకే తెలియదు. కానీ దాని పక్కనే ఉన్న కింది తలుపు తెరుచుకోవడం మాత్రం ఇదే మొదటిసారి చూశాను. అంతస్తు కూడలిలో నిలబడి చేతులూపిన మీ అందరికీ దండం. లస్మవ్వ ఏడవలేదు. "తొక్కు సీసా నిలబెట్టి పట్టుకో" అని మాత్రం అంది.

నేల గురించి ఏం రాయాలి? నేల ఊగదు. ఆ సంగతి అందరికీ తెలుసు, కానీ కాళ్ళకు తెలియదు. నేనూ బిడ్డా అలవాటుగా గాలికి ఎదురు ఒరుగుతూ నడిచాం. ఒరిగితే ఎదురు రావాల్సిన ఊపు రాలేదు. ఇద్దరం ఎడమ వైపుకు జరుగుతూ జరుగుతూ కంచెకు తగిలాం. బిడ్డ కంచె పట్టుకుని కక్కుకుంది. "పేరేమో భూలక్ష్మి," అని మూతి తుడుచుకుంటూ తనే నవ్వింది.

గేటు దగ్గర కనకవ్వ అని కావలామె ఉంది. మనలాంటివాళ్ళను చూసి చూసి అలవాటైన మనిషి. బిడ్డ కక్కులు ఆగేదాకా వేపపుల్ల నములుతూ కూర్చుంది. తర్వాత లేచి నా తోడుకాళ్ళు చూపించి, "ఇప్పు పెద్దయ్యా" అంది. విప్పాను. వాటిని గోడ మేకుకు తగిలించింది. అక్కడ వేలాడుతుంటే నాకంటే అవే నిటారుగా ఉన్నాయి.

"చెప్తున్న ఇనుండ్రి. ఇద్దరు దాటాలె, దోనె దాటాలె, ఇంకోలు చెయ్యి వెయ్యద్దు. ఎట్ల దాటుతరో నాకక్కరలేదు."

ఎదురుగా కట్ట ఉంది. చెట్లూ గడ్డీ కప్పుకుని ఏనుగు పడుకున్నట్టుంది. దాని అవతలే నీళ్ళు. గాలికి నీళ్ళ వాసన కూడా వస్తోంది. కట్టకు ఇవతల నార దోనె, చుట్టిన తాడు.

నేను నాలుగు అడుగులు వేశాను. అప్పడాలు విరిగాయి. ఐదో అడుగుకు గడ్డిలో కూలబడ్డాను.

బిడ్డ వచ్చి పక్కన కూర్చుంది. "ఇప్పుడన్న చెప్తవా బాపూ?"

"ఏం చెప్పాలె బిడ్డా?"

"నీ మోకాళ్ళ సంగతి."

"నీకెట్ల తెలుసు?"

"ఇంట్ల ఆ సప్పుడు ఇనవడదా నాకు? నువ్వు మూడు అన్ననాడే ఎరుక. నాలుగు అంటెనన్న వద్దంటవనుకున్న. గుట్ట అంటె చెప్తవనుకున్న. ఐదు అన్న. నువ్వు ఆరోది ఏదని అడుగుతవా?"

"నువ్వు ఆశపడుతున్నవని నేను ఊఁ అన్న."

"నువ్వు ఒప్పుకుంటవని నేను పెంచిన!"

కనకవ్వ వేపపుల్ల ఉమ్మి ఇటు తిరిగి వింటోంది.

"మరి నడవలేనోణ్ణి ఎందుకు పట్టుకచ్చినవ్ బిడ్డా? నీ వంతు సుత పాడాయె."

కాసేపు గడ్డి పీకింది. "దోనెల నడుసుడు లేదు గద. కూసునుడే. నువ్వు బతుకంత నిలవడే ఉంటివి, పైకి పోవుడు కిందికి అచ్చుడు. ఒక్కపాలి కూసోని అడ్డంగ పోతవని."

నాకు ఎప్పుడూ మాటలు ఎక్కువ. అప్పుడు నేనూ బిడ్డతో పాటు గడ్డి పీకాను. అది లస్మవ్వ చూడలేదని ఇప్పటికీ బాధగా ఉంది.

"మీ ముచ్చట అయితే కట్ట ఎక్కుండ్రి," అంది కనకవ్వ. "ఎండ ముదురుతాంది."

నడవలేకపోతే కూర్చునే ఎక్కుదామనుకున్నాను. కట్టకు వీపు తిప్పి కూర్చుని, చేతులతో వెనక్కి నెట్టుకుంటూ, పిర్రల మీద జానెడు జానెడు పైకి పోయాను. చూడటానికి ఎట్లా ఉందో నాకు తెలియదు. కనకవ్వకు తెలుసు, ఎందుకంటే ఆమె కంచె పట్టుకుని వంగిపోయి నవ్వుతోంది. మొత్తానికి కట్ట నెత్తిన చేరాను. అటు తిరిగితే... నీళ్ళు! నీళ్ళంటే మన తొట్టి నీళ్ళు కాదు. గోడలు లేని నీళ్ళు. అంచు ఎక్కడో తెలియని నీళ్ళు. దాని మీద తెల్ల పిట్టలు. చూసిన సంతోషానికి కేక వేశాను. పిట్టలన్నీ లేచిపోయాయి.

కింద బిడ్డ దోనెను పైకి గుంజుతోంది. సగం దాకా వస్తుంది, నిలకడ లేని కాళ్ళు జారుతాయి, దోనె వెనక్కి పోతుంది. మూడుసార్లు అట్లాగే అయింది. నాలుగోసారి మోకాలు గీరుకుంది. చూస్తూ ఉండలేక తాడు ఒక కొన పైకి విసరమన్నాను. రెండో కొన దోనె ముక్కుకు కట్టింది. నా కొనను నేను నడుముకు చుట్టుకుని, నీళ్ళ వైపు కాళ్ళు చాపి కూర్చుని, "నూకు బిడ్డా, నేను గుంజుతా!" అని బలంగా వెనక్కి వాలాను.

వాలినవాడు కదలకుండా ఉండాలి. నా కింద ఉన్నవి నాచు పట్టిన రాళ్ళు. నేను కదిలాను.

మొదట మెల్లగా, తర్వాత చాలా వేగంగా, కట్ట అవతలి వాలు మీద కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే కిందికి పోయాను. దారిలో రాళ్ళు నా ప్యాంటును పలకరించాయి. నడుముకు తాడు బిగిసింది. ఆ క్షణంలో, నీళ్ళలో పడబోయే ముందు, వెనక తాడు కట్ట మీద జరజరా రాసుకుంటూ వస్తున్న చప్పుడు విన్నాను. ఆ చప్పుడు నాకు తెలుసు. బతుకంతా విన్నదే. డబ్బా పైకి లేస్తోంది. అవతల దిమ్మె కిందికి దిగుతోంది.

దిమ్మె నేనే.

తామరాకుల మధ్య, బురదలో, రొమ్ముల దాకా నీళ్ళలో కూర్చుని తల తిప్పి చూశాను. కట్ట నెత్తిన దోనె ముక్కు ఆకాశంలోకి లేచి ఉంది. దాని తోక పట్టుకుని, నా మీదికి జారకుండా వెనక్కి ఆపుతూ బిడ్డ నిలబడి ఉంది.

"బాపూ! పాణం ఉన్నదా?"

"ఉన్నది బిడ్డా! మన పిండి కాంటా తప్పు చూపెట్టలే!"

బిడ్డ అంత నవ్వడం చిన్నప్పటి తర్వాత మళ్ళీ అప్పుడే చూశాను. ఇన్నాళ్ళూ కుర్చీలు విరగ్గొట్టిన బరువు, కాంటాను సిగ్గుపడేలా చేసిన బరువు మొదటిసారి ఒకరికి పనికొచ్చింది. కనకవ్వ కట్ట ఎక్కి వచ్చి దోనెను చూసింది, నన్ను చూసింది.

"దాటింది," అంది. "నేను ఇన్నేండ్లల్ల గిట్ల దాటంగ చూడలే. గని దాటింది."

ఎనిమిది

ఇది దోనెలో కూర్చుని రాస్తున్నాను. దోనె మన అంతస్తులాగే ఊగుతుంది. చాయ్ సగం గ్లాసే పోసుకున్నాం. ఒక్క చుక్క ఒలకలేదు.

ఇప్పుడు మూడో చెరువులో ఉన్నాం. మొదట రెండే అనుకున్న బిడ్డ, రెండోది అయ్యాక నా వైపు చూసింది. నేను తాడు తీసి నడుముకు చుట్టుకున్నాను.

తర్వాత పోయేవాళ్ళకు నా సలహాలు. మెట్లెక్కి కసరత్తు చేయకండి. సకినాలు తడిగాలికి మెత్తబడతాయి, సర్వపిండే మేలు. నేల మీద మొదటి పూట ఏమీ తినకండి. మీ అంతస్తులో లావుగా ఉన్నవాళ్ళను చూసి నవ్వకండి, వీలైతే తోడు తెచ్చుకోండి.

భూలక్ష్మి ఇప్పుడు కట్ట మీద నడుస్తోంది, ఈ కొస నుంచి ఆ కొస దాకా, చెప్పులు చేత్తో పట్టుకుని. ఎడమకు ఒరగడం మానేసింది. నేను దోనెలో దానికి పక్కగా తెడ్డు వేసుకుంటూ పోతున్నాను. అది ఆగితే ఆగి ఇది రాస్తున్నాను. ఒకసారి మట్టిలో కాలి వేళ్ళు గుచ్చి, తన అడుగును తానే చూసుకుంటూ నిలబడింది. ఆ అడుగు పక్కన ఏదో పిట్ట అడుగులు ఉన్నాయట. రమ్మని పిలిచింది. ఇక్కడ్నుంచే కనిపిస్తోందని అబద్ధం చెప్పాను. కళ్ళు తడిగా ఉంటే ఏమీ కనిపించదు.

గుట్ట మీదికి అది ఒక్కతే పోయివస్తుంది. నేను కింద గటక వండుతాను. గుట్ట మీదికి తాడు చాలదు.

లస్మీ, నువ్వు పెట్టిన మూడు ప్యాంట్లలో రెండు పోయాయి. చిరిగింది మోకాళ్ళ దగ్గర కాదు. ఇంకా రెండు కట్టలున్నాయి, ప్యాంటు ఒక్కటే ఉంది. బిడ్డ ఆ లెక్క చూసి, "మళ్ళుదామా బాపూ?" అని కట్ట మీదనుంచి అడిగింది.

'మళ్ళుదాం' అనే అనుకున్నాను. నా నోరు నీకు తెలుసు కదా.

"మళ్ళుడేంది బిడ్డా! ఆరో చెరువు లేదా?"

బిడ్డ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. ఈసారి దాచడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ ప్యాంటు తప్ప.